కమిటీ పాసు చేసిన డీజిల్ బండి

ఆ అడవి చాలా పెద్దది. అందుకు తగ్గట్టే అక్కడి పంచాయతీ కూడా పెద్దదే. పని ఎంత చిన్నదైనా దానికో కమిటీ వేసేవాళ్లు.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి పైకొండ మీద ఊటలన్నీ ఎండిపోయాయి. అక్కడ జింకల పేట ఉంది. తల్లులు ఎలాగో దిగి వాగులో తాగి వస్తున్నాయి గాని, కూనలు ఆ రాళ్లదారిన దిగలేవు. ఏటా నీళ్లు మోసిపెట్టే ఏనుగుల మంద ఈసారి ముందే వేరే అడవికి వలస పోయింది. ఇక నీళ్లు చేరవేయడానికి ఒక బండి కొనాలని పంచాయతీ తీర్మానించింది.

అడవి అంచున ఉండే గుంటనక్క నేర్పరయ్య దగ్గర ఒక డీజిల్ పికప్ బండి ఉంది. క్వారీ మూతపడినప్పుడు మనుషులు వదిలేసి పోయిన బండి అది. ఏళ్ల తరబడి రాళ్లు మోసి దాని ఇంజిన్ లోపల అరిగి బోరుకొచ్చింది. నేర్పరయ్య దాన్ని నడపడం నేర్చుకున్నాడు. దాని జబ్బులన్నీ తెలుసుకున్నాడు. తెలుసుకుని బాగుచేయలేదు, కప్పిపెట్టాడు. పొగ బయటపడకుండా ఇంజిన్లో చిక్కటి ఆయిలు పోశాడు. తుప్పు తిన్నచోట లప్పం పెట్టి రంగు వేశాడు. బండి అడుగున పగిలిన ఛాసీ చట్రానికి అతుకు వేసి, పైన నల్లరంగు కొట్టాడు. మూడు లక్షలు దాటిన మీటరుని డెబ్బై వేలకు తిప్పాడు. బండి ఇచ్చినందుకు, పీతలు దండిగా దొరికే పీతలవాగు మొత్తం తనకు వదిలేయాలని అడిగాడు.

బండిని చూడటానికి కమిటీ వేశారు. పంచాయతీ అధ్యక్షుడైన అడవిదున్న బలభద్రయ్యే దానికి పెద్ద. అందచందాలు తెలిసినవాడని నెమలి వన్నెలరావునీ, నిబంధనలు కంఠతా వచ్చని తాబేలు నింపాదయ్యనీ వేసుకున్నారు. నీళ్లు కావలసింది పైకొండకే కాబట్టి, అక్కడ కాపురముండే ముళ్లపంది గుచ్చమ్మను వేసుకోక తప్పలేదు.

కమిటీ రాకముందే నేర్పరయ్య చాలాసేపు ఇంజిన్ నడిపి ఆపేశాడు. వేడి మీద ఉన్న ఇంజిన్ బుద్ధిగా స్టార్టవుతుందని వాడికి తెలుసు. వన్నెలరావు బండి తలుపులో తన నీడ చూసుకుని, రంగు చాలా బాగుందన్నాడు. తీర్మానంలో నాలుగు చక్రాల బండి అని ఉంది, దీనికీ నాలుగే ఉన్నాయి కాబట్టి సరిపోయిందన్నాడు నింపాదయ్య.

గుచ్చమ్మ బానెట్ మీద చెయ్యి వేసి, తెల్లారగానే బండి ఇంత వేడిగా ఎందుకుందని అడిగింది.

"పెద్దలు వస్తున్నారని వెచ్చబెట్టి ఉంచాను, గుచ్చమ్మగారూ. చల్లారిన బండి ముందు మిమ్మల్ని నిలబెట్టడం మర్యాద కాదు గదా," అన్నాడు నేర్పరయ్య. ఆ వినయానికి కమిటీ కరిగిపోయింది.

మీటరు చూస్తే తక్కువ తిరిగినట్టుంది, మరి బ్రేకు పెడల్ మీది రబ్బరు అరిగి నున్నగా ఎందుకైందని ఆమె మళ్లీ అడిగింది. నడిపినవాడి కాలు బరువై ఉంటుందన్నాడు వన్నెలరావు. రాళ్లు వేసి ఒకసారి పైకొండ ఘాట్ దారి ఎక్కించి చూద్దామంది. ఇంకా మనది కాని బండి మీద బరువు వేసే అధికారం మనకు లేదన్నాడు నింపాదయ్య. పోనీ కింద పడుకుని చూడండి అంది. అధ్యక్షుడు నేల మీద పడుకుంటే పదవికి మచ్చ అన్నాడు బలభద్రయ్య. చివరికి గుచ్చమ్మే కిందికి దూరి, ఛాసీ మీద కొత్త నల్లరంగు ఉందని చెప్పింది.

"చూశారా, ఎవరికీ కనపడని చోట కూడా రంగు వేశాడు. ఎంత నిజాయితీపరుడో," అన్నాడు వన్నెలరావు.

గుచ్చమ్మ ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోకపోవడంతో సహా బండిని ఏకగ్రీవంగా పాసు చేసినట్టు నింపాదయ్య ప్రకటించాడు. పీతలవాగు నేర్పరయ్యదైపోయింది.

ఆ సంతోషంలో బలభద్రయ్య సభ పెట్టి మాట్లాడాడు. బండి నడపడం నేర్పరయ్య తప్ప ఎవరికీ రాదు కాబట్టి అతనే డ్రైవరని ప్రకటించాడు. ఇంత మంచి బండి ఇచ్చిన కుటుంబానికి గౌరవంగా, మొదటి ట్రిప్పులో నేర్పరయ్య భార్యాపిల్లలు నీళ్ల పీపాల పక్కన కూర్చుని పైకొండకు ఊరేగుతారని కూడా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేర్పరయ్యకు మాత్రం ఛాసీ అతుకు గుర్తొచ్చింది.

సభ ముగియగానే వాడు బలభద్రయ్య దగ్గరికి పరుగెత్తాడు. బండిని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి మరోసారి చూడమన్నాడు. అవసరం లేదు, కమిటీ చూసింది గదా అన్నాడు దున్న. నేర్పరయ్య అసలు సంగతంతా చెప్పేశాడు. చిక్కటి ఆయిలు, లప్పం, ఛాసీ అతుకు, మీటరు, ఏదీ దాచలేదు. పీతలవాగు వెనక్కి తీసుకోమన్నాడు.

బలభద్రయ్య చాలాసేపు నెమరు వేసి అడిగాడు. "అంటే నువ్వు అబద్ధం చెప్పావంటున్నావా, కమిటీకి కళ్లు లేవంటున్నావా?"

"నేను అబద్ధం చెప్పానండీ."

"ఆ మాట ఇంకెక్కడా అనకు. అది కమిటీ పాసు చేసిన బండి. దాన్ని తిడితే పంచాయతీని తిట్టినట్టే."

పక్కనే ఉన్న నింపాదయ్య నిబంధన వివరించాడు. అమ్మకం రద్దు కావాలంటే మోసపోయినవాళ్లు అర్జీ పెట్టుకోవాలి. మోసపోయింది కమిటీ. కానీ మోసపోలేదని కమిటీ ఏకగ్రీవంగా అనుకుంటోంది. కాబట్టి మోసం జరగలేదు.

నేర్పరయ్య ఇంటికెళ్లి భార్య సింగారిని బండెక్కొద్దని బతిమాలాడు. కారణం మాత్రం చెప్పలేకపోయాడు. ఇన్నాళ్లకు మన ముఖాన ఒక గౌరవం రాసుంటే నీకు కళ్లు కుట్టాయా అని ఆమె కోప్పడింది. పిల్లల తోకలు దువ్వి తయారుగా కూర్చోబెట్టింది.

తెల్లవారి చల్లటి బండికి సెల్ఫ్ కొడితే అది దగ్గి ఊరుకుంది. బలభద్రయ్యే వెనక నుంచి కొమ్ములతో తోశాడు. బండి తెల్లపొగ కక్కి కదిలింది. అది శుభసూచకమని వన్నెలరావు పురి విప్పాడు.

ఘాట్ మొదలయ్యేసరికి పొగ నల్లబడింది. నిండు పీపాల బరువుకు ఇంజిన్ మూలిగింది, రేడియేటర్ మరిగి ఆవిరి లేచింది. రెండో మలుపులో బండి ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. నేర్పరయ్య బ్రేకు తొక్కితే కాలు నేల దాకా పోయింది.

"దూకు సింగారీ, పిల్లల్ని తోసెయ్," అని అరిచాడు.

ఆమె పిల్లల్ని పొదల్లోకి తోసి తనూ దూకింది. నేర్పరయ్య స్టీరింగు వదల్లేదు. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. కొండ వైపు తిప్పి గుద్దించాడు. అతుకు వేసిన చోటే ఛాసీ విరిగింది. పీపాలు దొర్లి లోయలో పడ్డాయి. ఒక్కటి మిగిలింది.

సింగారి పిల్లల్ని పొదల్లోంచి లేపి, కుంటుకుంటూ వచ్చి, విరిగిన చోట నల్లరంగు కిందనుంచి తొంగిచూస్తున్న తుప్పును చూసింది. మొగుడి మొహం చూసింది. పీపా మూత తీసి, బండిలో మిగిలిన రెండు కుండల్లో నీళ్లు నింపి, ఒకటి వాడి నెత్తిన పెట్టింది.

పైకొండకు వెళ్లేసరికి గుచ్చమ్మ ఎదురొచ్చింది. ఆమె వెనక జింక కూనలు నేల మీద పడి ఉన్నాయి. నేర్పరయ్య కుండ వంచితే ఒక కూన తలెత్తలేక, తడిసిన మట్టినే నాకింది. వాడు దాని తల ఒడిలో పెట్టుకుని దోసిలితో తాగించాడు. అప్పుడు వాడికి ఏడుపొచ్చింది. వానలు పడేదాకా మొగుడూ పెళ్లాలు అలాగే నీళ్లు మోశారు. పీతలవాగు వైపు తొంగి చూసే తీరిక వాళ్లకు దొరకలేదు.

పంచాయతీ ఊరుకోలేదు. విచారణ జరిపి, బండి దివ్యంగా ఉందని, కొండే అవసరానికి మించి ఏటవాలుగా ఉందని తేల్చింది. మరో బండి కొనాలని తీర్మానించింది. ఈసారి ఒక దుమ్ములగొండి తళతళలాడే పాత బండి తెచ్చాడు. నేర్పరయ్య పిలవకుండానే వెళ్లి, బండి కింద పడుకుని చూశాడు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిలు మూత తీస్తే పొగ ఎగజిమ్మింది. రేడియేటర్ నీళ్లలో ఆయిలు తేలుతోంది, అంటే ఇంజిన్ లోపల పోయిందన్నమాట. ఈ బండి కొనొద్దని కమిటీకి మొత్తుకున్నాడు.

బలభద్రయ్య జాలిగా నవ్వాడు. "నువ్వు అబద్ధాలకోరువని నువ్వే చెప్పావు గదయ్యా. నీ మాట ఎలా నమ్మమంటావు?"

ఆ బండి కూడా ఏకగ్రీవంగా పాసైంది.

ఇందులో నీతి ఏమంటే: అబద్ధం చెప్పి బండి అమ్మడం ఎవరికైనా చేతనవును, నిజం చెప్పి దాన్ని వెనక్కి తీసుకోవడమే నక్కకైనా చేతకాదు.