డైనింగ్ టేబుల్ అభివృద్ధి పథకం

ఇచ్చోడ దాటాక వాగు ఒడ్డున ఉన్న సర్కారు బంగళాలో డైనింగ్ టేబుల్‌ను సమూలంగా అభివృద్ధి చేయబోతున్నట్టు ఓవర్సీరు దేవదాస్ గారు ప్రకటించారు. వన మహోత్సవానికి వచ్చే మంత్రిగారు దాని మీదే భోంచేయాలి. ప్రకటన వినడానికి వరండాలో నేనూ, వాచ్‌మనూ ఉన్నాం. ఇద్దరం చప్పట్లు కొట్టాం. నేనొక వారపత్రికకు వార్తలు రాస్తుంటాను కనుక కొంచెం గట్టిగా కొట్టాను.

టేబుల్ నిజంగానే వెనకబడి ఉంది. వేడి గిన్నెలు పెట్టిన తెల్లమచ్చలు, మాంసం కోసిన కత్తిగాట్లు. పైకప్పు కారి మధ్య చెక్కలు పుచ్చిపోయాయి. వడ్రంగి రాయమల్లు చిత్రిక పట్టడం మొదలుపెట్టిన రోజే వాగు అవతలి పల్లె నుంచి ఐలవ్వ వచ్చింది.

"సారూ, మంత్రి వస్తుండట గదా. మా పల్లెకు ఒక నర్సమ్మను అడుగుదామని. నా కోడలికి నెలలు నిండినై. పోయినేడు నా బిడ్డ కాన్పులనే పాణం ఇడిసింది."

"తప్పకుండ అడుగు అవ్వా," అన్నారు ఓవర్సీరు. "మంత్రి గారు గీ టేబుల్ కాడనే కూసుంటరు. మీ అసుంటోళ్ల కోసమే గదా దీన్ని తయారు చేయిస్తున్న."

ఐలవ్వ టేబుల్‌కు దండం పెట్టి, వాగు మీది చెక్కల వంతెన దాటి వెళ్లిపోయింది.

"సార్, మధ్యల చెక్కలు మార్వాలె," అన్నాడు రాయమల్లు. "పచ్చి టేకు పెడితే వంకర పోతది. ఎండకు వానకు ఓర్సిన పాత టేకు గావాలె."

ఓవర్సీరు కిటికీలోంచి వాగు వైపు చూస్తూ ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా ప్రజలకు ఏదో ఒకటి జరుగుతుంది.

"వంతెన మన డిపార్ట్‌మెంటుదే, టేబులూ మన డిపార్ట్‌మెంటుదే. గిందుల ఫికరేంది?"

"వాగు దాటేటోళ్లు సార్?"

"మంత్రి పోయినంక మల్ల బిగిస్తం. అప్పటిదాక వాగు యాడికి పోతది?"

సాయంత్రానికి వంతెన బంగళాలోకి వచ్చేసింది. రాయమల్లు మేకుల రంధ్రాలు లక్కతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో పాలిష్ పట్టించాడు. అందులో ముఖం చూసుకోవచ్చు. ఓవర్సీరు చూసుకున్నారు కూడా. ఆ రాత్రంతా వాన కొట్టి వాగు ఒడ్లు ఒరుసుకుని పారింది.

మర్నాడు మంత్రిగారు టేకు మొక్క నాటి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. టేబుల్‌ను ఆప్యాయంగా నిమిరారు.

"ఈ చుక్కలేమిటి?"

"చుక్కల టేకు సార్. మా దగ్గరనే దొరుకుతది."

అంతలో వాగు అవతల కేకలు వినిపించాయి. మంత్రిగారు కిటికీలోంచి చూశారు. అవతలి ఒడ్డున ఐలవ్వ రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. ఆమె వెనక నలుగురు మగవాళ్లు ఒక మంచం మోసుకొచ్చి నిలబడ్డారు.

"ఎవరు వాళ్లు?"

"తమ దర్శనానికి వచ్చిండ్రు సార్."

"మంచమెందుకు?"

"తమరు కూసుంటరేమోనని. మర్యాద ఎరిగిన జనం సార్."

మంచం మీద ఎవరో పడుకుని మెలికలు తిరుగుతున్నట్టు నాకు కనిపించింది. ఈమధ్య నా చూపు సరిగా ఉండటం లేదు.

మంత్రిగారు చెయ్యి ఊపారు. అవతల కేకలు ఎక్కువయ్యాయి. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎన్నో ఊళ్లు తిరిగాను. వచ్చి ఏదీ అడగని ప్రజలను ఇక్కడే చూశాను. రాసుకోండి," అన్నారు నాతో. రాసుకున్నాను.

వెళ్లబోతూ మంత్రిగారు ఒక్క లోపం ఎత్తిచూపారు. "టేబుల్ దివ్యంగా ఉంది. దీని పక్కన ఈ కుర్చీలే బాగాలేవు. ఇలాంటి పాత టేకు ఇంకా ఉందా?"

ఓవర్సీరు చేతులు కట్టుకున్నారు.

"పైన ఇంకో వాగున్నది సార్."