శ్మశానవాటికలో పది శాతం వృద్ధి

ప్రజాసేవలో ఉన్న ప్రతి ఉద్యోగీ ఏటేటా ముందుకు సాగవలసిందేననీ, నిరుటి కంటే కనీసం పది శాతం ఎక్కువ పని చూపించనివారిని పేలవుల కింద జమకట్టవలసిందనీ పట్టణ పాలక సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానంలో చిన్నా పెద్దా తేడా లేదు. పన్నులు వసూలు చేసేవారికీ, వీధి దీపాలు వేసేవారికీ, కుక్కలు పట్టేవారికీ ఒకటే కొలబద్ద. ఇంతటి సమదృష్టి వేదాంతుల్లో కూడా అరుదు. ఆ సమదృష్టిలో భాగంగానే శ్మశానవాటిక కాపరికి కూడా పది శాతం వృద్ధిని లక్ష్యంగా నిర్ణయించారు.

ఆ కాపరిని ఊరంతా నిదానం అని పిలుస్తారు. వీధిలో ఎవరు ఎదురైనా చేతులు జోడించి, "నిదానంగా రండి, తొందరేం లేదు" అనడం ఆయన అలవాటు. తండ్రి దగ్గర పారతో పాటు నేర్చుకున్న మర్యాద అది. విన్నవారిలో కొందరు నవ్వుతారు. కొందరు అటు చూడనట్టు నడక పెంచుతారు. శ్మశానం గేటు పక్కనే ఆయన క్వార్టర్సు. రెండు గదులు, ఓ వంటింటి మూల. అందులో ఆయన, ఆయన భార్య, మంచం పట్టిన అత్తగారు. కొత్త నిబంధన ప్రకారం ఏడాది చివర 'పేలవం' అని వచ్చినవారు ఉద్యోగమూ, క్వార్టర్సూ రెండూ వదలాలి. ఆ ముగ్గురికీ ఆ రెండు గదులు తప్ప తలదాచుకునే చోటు లేదు.

నిరుడు ఊళ్లో విషజ్వరాలు వచ్చాయి. నిదానం నడుం ఎత్తలేదు, పార దించలేదు. ఏడాది చివర 'అత్యుత్తమం' అని వచ్చింది. సభ పెట్టి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఆనాడు అధ్యక్షులవారు గొంతు సవరించుకుని అన్నారు: "ఒక్క మనిషి, ఒక్క పార. ఇతర శాఖలు చూసి నేర్చుకోవాలి. ఈయన సేవ మీద ప్రజలకు ఎంత నమ్మకమంటే, ఒకసారి వచ్చినవారు మరో చోటికి వెళ్లిన దాఖలా లేదు." సభికులు చప్పట్లు కొట్టారు. నిదానం మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. ఆ చప్పట్లు కొట్టే చేతుల్లో సగం ఆ ఏడాదే ఆయన ముందు మట్టి వేసి వెళ్లిన చేతులు.

ఈ ఏడు దేవుడి దయవల్ల జ్వరాలు లేవు. మంచినీటి గొట్టాలు బాగుచేశారు. జనం బతకడానికి అలవాటు పడ్డారు. దాంతో నిదానం పనితీరు దెబ్బతింది.

ఆరు నెలల సమీక్షకు పర్యవేక్షణాధికారి పిలిపించాడు. బల్ల మీద గ్రాఫు పరిచి ఉంది.

"ఏమయ్యా, చూడు. నిరుడు ఈ గీత కొండెక్కింది. ఈ ఏడు గోతిలో పడింది. ఎందుకంటావు?"

"జనం పోవడం లేదండి."

"అదే వద్దనేది. ఎవణ్ణి అడిగినా ప్రజల మీదికే నెడతాడు. పన్నులవాడు జనం కట్టట్లేదంటాడు, నువ్వు జనం పోవట్లేదంటావు. నీ వంతుగా నువ్వేం చర్యలు తీసుకున్నావు?"

"నేను చర్యలు తీసుకుంటే పోలీసులు ఊరుకోరండి."

అధికారి 'చొరవ శూన్యం' అని రాసుకున్నాడు.

ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకూ పైన ఒకరున్నారు. ఆ పైవారి బల్లకు రెండు సొరుగులు. కుడి సొరుగులో ఆరోగ్యశాఖ ఫైలు ఉంటుంది. మరణాలు పది శాతం తగ్గాలని అందులో ఆదేశం. ఎడమ సొరుగులో శ్మశానం ఫైలు. ఖననాలు పది శాతం పెరగాలని అందులో. రెంటి మీదా సంతకం ఒకటే, కలం ఒకటే. కుడి సొరుగు తెరిచిన పూట ఎడమది తెరవరు కనుక పాలన సాఫీగా సాగిపోతోంది.

ఇవి చాలవన్నట్టు సేవ పొందినవారి నుంచి సంతృప్తి చీటీలు తేవాలన్నారు. 'మళ్లీ మా సేవలు వినియోగించుకుంటారా?' అన్నది చీటీలో మొదటి ప్రశ్న. నిదానం ఎవరి ముందుకు తీసుకెళ్లినా, "శ్మశానం కాగితం మీద మా పేరెందుకులే" అని చేతులు వెనక్కి పెట్టుకున్నారు. సేవ పొందినవారు సంతకం చెయ్యలేరు, చెయ్యగలిగినవారు పొందామని ఒప్పుకోరు. చీటీల పెట్టె ఖాళీగానే ఉండిపోయింది.

ఇంట్లో కూడా ఈ లక్ష్యం ఆయన్ను నిలకడగా ఉండనివ్వలేదు. ఒకనాటి సాయంత్రం ఏదో ఆలోచిస్తూ అత్తగారి మంచం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మాయ్," అంది ముసలావిడ, "మీ ఆయన నాకేసి ఎందుకే అలా చూస్తున్నాడు? ఎంతమంది తక్కువయ్యారేం?"

"చూడకండీ ఆవిడకేసి," అంది భార్య నవ్వాపుకుంటూ. "అన్నం సహించడం మానేస్తుంది."

"నేను నా మంచం ఖాళీ చేస్తేనే మీకు క్వార్టర్సు నిలుస్తుందంటే చెప్పండి అల్లుడుగారూ, ఆలోచిస్తా. కానీ ఒక్కదాన్నే కదా, పది శాతం ఎలా అవుతాను?"

"మీరు నిదానంగానే కానివ్వండి అత్తయ్యా," అన్నాడు నిదానం, కళ్లు తుడుచుకుంటూ.

ఏడాది చివర స్వీయ నివేదిక ఇమ్మన్నారు. 'విధులకు మించి చేసిన అదనపు కృషి' అన్న చోట అందరూ నాలుగేసి పేజీలు నింపారు. నిదానం చాలాసేపు ఆలోచించి ఒకే వాక్యం రాశాడు: 'ప్రతి ఉదయం స్నానం చేసి, ఈరోజు నా దగ్గరికి ఎవరూ రాకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను.'

"ఇది కొట్టెయ్యండి," అంది భార్య.

"నిజమేగా?"

"నిజం కనకే కొట్టెయ్యమంటున్నా."

కొట్టెయ్యలేదు. ఆ వాక్యం ఆఫీసులో బాంబులా పేలింది. లక్ష్యానికి విరుద్ధంగా, రోజూ, పై స్థాయిలో లాబీయింగు జరుపుతున్న ఉద్యోగి దొరికాడు. వెంటనే కమిటీ వేశారు. ప్రార్థనా జరుగుతోంది, అంకెలూ పడిపోతున్నాయి, కనుక తగ్గుదలకు కాపరి ప్రార్థనే కారణమని కమిటీ తేల్చింది. అది తెలిసి ఆరోగ్యశాఖ భగ్గుమంది. మరణాలు తగ్గించినది తామేననీ, తమకు రావలసిన పతకాన్ని ఒక కాటికాపరి ప్రార్థనకు అంటగడితే సహించబోమనీ ఘాటుగా రాసింది. ఒక శాఖ ఆయన్ను నేరస్థుడంది. మరో శాఖ ఆ నేరం చేసే స్థోమత ఆయనకు లేదంది. రెండు శాఖలవారూ కలిసి చివరికి రాజీకి వచ్చారు: ప్రార్థన పనిచేసినా చెయ్యకపోయినా, పనివేళల్లో దాన్ని నిషేధించడమైనది. గేటు పక్కనే కాపురం కనుక ఆయనకు ఇరవై నాలుగు గంటలూ పనివేళలే.

ఆ మర్నాడు నిదానం స్నానం చేసి దేవుడి పటం ముందు ఊరికే నిలబడ్డాడు. స్వామీ, నీకు కూడా పైనుంచి ఏటా పది శాతం పెంచమని ఉత్తరువు వచ్చి ఉంటే ఈ లోకం ఎన్నాళ్లు నిలిచేది అనుకున్నాడు. అది ప్రార్థన కాదు, సందేహం. సందేహాల మీద నిషేధం లేదు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం పెరటి గేటు చప్పుడైంది. పర్యవేక్షణాధికారి. చేతిలో ఫైలు లేదు. మొహాన నెత్తుటి చుక్క లేదు.

"మా అమ్మకి బాగోలేదయ్యా. డాక్టర్లు పెదవి విరిచారు." కాసేపు చెప్పులకేసి చూసుకున్నాడు. "ఆ... నువ్వు రోజూ చేసేవాడివే, అదీ... ఒక్కసారి..."

"తమరే నిషేధించారు కదండీ."

"నోటిమాటగా సడలిస్తున్నాను. కాగితం అడక్కు."

నిదానం కాగితం అడగలేదు. పెద్దావిడ పేరు మాత్రం అడిగాడు. నాలుగు రోజులకు ఆవిడ లేచి కూర్చుని జావ తాగింది. మందులు పనిచేశాయో, దేవుడు పనిచేశాడో మనకు తెలియదు. రెండో ఆయన స్వీయ నివేదిక సమర్పించే అలవాటు లేనివాడు.

ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. పెరటి గేటు దగ్గర జనం వరస కట్టారు. తండ్రి కోసం ఒకరు, బావగారి కోసం ఒకరు, ముందుజాగ్రత్తగా తమ కోసమే కొందరు. నిదానం అందరి పేర్లూ విన్నాడు, అందరికీ దణ్ణం పెట్టాడు. ఆయన భార్య మాత్రం గుమ్మం దగ్గర సంతృప్తి చీటీలు పట్టుకు నిలబడింది.

"బాబూ, ఒక్క సంతకం పెట్టి వెళ్లండి. ఇవుంటే మా ఇల్లు నిలుస్తుంది."

"అయ్యో, దానిదేముందమ్మా, రేపొచ్చి పెడతాం," అన్నారందరూ. ఆ రేపు ఈనాటికీ రాలేదు.

ఏడాది పనితీరు నివేదిక వచ్చింది. పర్యవేక్షణాధికారి స్వహస్తంతో గుండ్రంగా రాశాడు: 'ఉద్యోగి నడవడి ప్రశంసనీయం. అయితే ఏడాది చివరలో తనకు స్వయంగా తెలియవచ్చిన ఒక అవకాశాన్ని సైతం ప్రార్థన చేసి చేజార్చుకున్నాడు. లక్ష్యసాధన పట్ల ఆసక్తి లేదు. పేలవం.'

సామాను ఒక్క బండికి సరిపోయింది. అత్తగారిని పరుపు మీద కూర్చోబెట్టారు. వీధిలో తెలిసినవారంతా గుమ్మాల్లోకి వచ్చి, పాపం మంచి మనిషి అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. బండి ఆపమన్నవారు లేరు. నిదానం అందరికీ చేతులు జోడించి, అలవాటు చొప్పున, "నిదానంగా రండి, తొందరేం లేదు," అంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు గేటు దగ్గర కొత్త కాపరి ఉన్నాడు. చదువుకున్నవాడు, మంచి చొరవ ఉన్నవాడు. 'సత్వర సేవే మా లక్ష్యం' అని బోర్డు రాయించాడు. ఉదయం పూట వీధివీధీ తిరిగి, ముసలివారినీ దగ్గేవారినీ ఆప్యాయంగా పలకరించి కులాసా కనుక్కుంటున్నాడు. జేబులో పొడవు కొలిచే టేపు ఉంటుంది. ఈ ఏటి లక్ష్యానికి ఇంకా కొద్దిమందే తక్కువ పడ్డారని చెబుతున్నాడు. ప్రజలు, ముఖ్యంగా చీటీల మీద సంతకం చెయ్యడానికి తీరికలేని ప్రజలు, యథాశక్తి సహకరించవలసిందిగా కోరడమైనది.