నురగ చెప్పిన నిజం

ఆ ఉదయం బావి శుభ్రం చేసే కంపెనీ మేనేజరు పథకం చాలా చిన్నది. పదకొండింటికి కాలుష్యశాఖ అధికారి వస్తాడు, "బావి శుభ్రం" అన్న కాగితం మీద సంతకం పెడతాడు, మర్నాడు తను ప్రమోషన్ మీద పెద్దాఫీసు కుర్చీలో కూర్చుంటాడు.

పెట్రోలు బంకు ట్యాంకు కారి, వీధిలో నలభై ఇళ్ళ నీళ్ళు కంపు కొట్టి ఏడాదైంది. అప్పటినుంచీ ల్యాబు ఆవిడ ఆ నూనెను తినే సూక్ష్మజీవులను బావిలో వదిలి, గొట్టంతో గాలి ఊది, చంటిపిల్లల్లా సాకుతోంది. మేనేజరు ఆవిడకు పెట్టిన పేరు పురుగులమ్మ.

"ఇంకో ఆరు నెలలు పడుతుంది సార్. సగమే తిన్నాయి."

"అవి తిని, తేన్చి, కునుకు తీసేదాకా నేనిక్కడే పడుండాలా?"

అతను బావమరిదిని పిలిచాడు. సూపర్‌వైజరు ఉద్యోగానికి ఆ మహానుభావుడికున్న ఏకైక అర్హత, మేనేజరు భార్యకు తమ్ముడు కావడం.

"ఒరేయ్, అధికారి ముక్కుకి వాసన తగలకూడదు. ఏం చేస్తావో నాకనవసరం."

"అదెంత పని బావా!"

అదెంత పనంటే, నాలుగు డబ్బాల సబ్బుపొడి బావిలో గుమ్మరించడం. వాసన పోయింది. లోపల గాలి ఊదుతున్నారన్న సంగతి అతనికి తట్టలేదు. పావుగంటలో నురగ బావిగట్టు దాటింది. బకెట్టుతో నీళ్ళు కొడితే రెట్టింపైంది. కంగారులో గాలి ఆపబోయి మీటను పూర్తిగా పైకి తిప్పాడు. నురగ గేటు దాకా నడిచింది. సరిగ్గా అప్పుడే అధికారి కారు దిగి, పిక్కల దాకా అందులో కాలు పెట్టాడు.

"ఏమిటయ్యా ఇది?"

మేనేజరు తడుముకోలేదు. "మా సూక్ష్మజీవులండీ! ఎంత జోరుగా తింటున్నాయో చూడండి. అవి వదిలే గాలికే ఈ నురగ!"

"సార్, అది..." అంది పురుగులమ్మ.

"నువ్వుండమ్మా!"

ఆవిడ హాయిగా ఉండిపోయింది.

"అయితే వాటికింకా బోలెడు తిండి ఉందన్నమాట," అన్నాడు అధికారి.

"బోలెడండీ!"

"వాటి తిండి నూనేగా?"



అధికారి "శుభ్రం" కొట్టేసి, ఎంతకాలం పడుతుందో పురుగులమ్మనడిగి, "మరో ఆరు నెలలు" అని రాశాడు. "మీ అంత తెలిసిన మనిషిని ఇక్కణ్ణుంచి కదపకూడదు. అప్పటిదాకా ఈవిడ చెప్పినట్టు చెయ్యండి."

పురుగులమ్మ గాలి మీట సరిచేసింది. "సబ్బుకి సగం చచ్చాయి సార్. మళ్ళీ పెంచాలి," అంటూ బకెట్టు మేనేజరు చేతికిచ్చింది.

ఆ పూట అక్కడ నిజంగా శుభ్రపడ్డవి అధికారి బూట్లు మాత్రమే.