మూడు రీళ్ల పెళ్లి

ఆ ఆదివారం పొద్దున సోమలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కూతురు సుమనతో కలిసి బయలుదేరాలి. మూడు చోట్ల మూడు కంప్యూటర్లు చూడాలి. ఒకదాన్ని ఖాయం చేసుకుని, ఒంటిగంటకల్లా పర్వత్ పాటియాలోని ఇంటికొచ్చి పప్పుచారుతో అన్నం తినాలి. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు బాగుచేస్తూ, మొండికేసినవాటిని ఎన్నింటినో దారికి తెచ్చిన మనిషికి మూడు కంప్యూటర్లు చూడటం ఏపాటి పని?

సుమన ఆరు నెలలు మల్టీమీడియా నేర్చుకుంది. పెళ్లి వీడియోల మీద పేర్లు వేయడం, పూలు రాలినట్టు చేయడం, పాటలు కలపడం, చీరల అంచులకు డిజైన్లు గీయడం అన్నీ వచ్చు. చేయడానికి కంప్యూటరే లేదు. ఇంట్లో అరవై వేలున్నాయి. కానీ ఆ అరవై వేలతో రెండు పాత సాంచాలు కొనాలని సోమలింగం తల్లి చిన్నవ్వ పట్టుబట్టి కూర్చుంది.

"సాంచా కొంటె గుడ్డ వస్తది. గా డబ్బా కొంటె ఏమొస్తది?"

"బొమ్మలొస్తయి అవ్వా," అంది సుమన.

"బొమ్మలు కట్టుకొని తిరుగుతరా జనం? ఇయ్యాల పొద్దుగూకేలోపట మీ డబ్బా సంగతి తేలాలె. తేలకుంటె రేపు పొద్దుగాల సాంచాలాయన వస్తడు, పైసలు ఆయన చేతుల పెడత."

ఆ మాట మీద సోమలింగం కూడా తలూపాడు. తల్లి మాట తీసేసే ధైర్యం అతనికి యాభై ఏళ్లొచ్చినా రాలేదు.

చూడాల్సినవి మూడు. రింగ్ రోడ్డులోని పెద్ద దుకాణంలో ఆపిల్. బొమ్మల పనికి దాన్ని మించింది లేదని సుమన టీచరు చెప్పాడు. ఉధ్నాలో ఒక కేబుల్ టీవీ అతని దగ్గర పాత అమీగా కంప్యూటర్. వీడియో మీద పేర్లు వేయడానికి వాడి వాడి అమ్మేస్తున్నాడు, చవక. మూడోది తమ సందు చివర కీర్తిభాయ్ విడి భాగాలు తెచ్చి బిగించి ఇచ్చే కంప్యూటర్.

"మూడింటి మీద ఒక్కటే క్యాసెట్ ఏసి సూడాలె బాపూ. అదే బొమ్మ దేంట్ల మంచిగ వస్తదో గదే మనది," అంది సుమన.

అందుకోసం ఆమె ఎదురింటి రాజనర్సును అడిగి అతని కూతురి పెళ్లి వీడియో క్యాసెట్ తెచ్చింది. అదొక్కటే ఉంది, నకలు లేదు. పైగా దాని మీద ఒక పంచాయితీ నడుస్తోంది. పెళ్లినాడు భోజనాల దగ్గర మటన్ కూర ఆలస్యమైందని లొల్లి జరిగింది, కూర బకెట్ ఒకటి గాల్లోకి లేచింది. తప్పు మీదంటే మీదని రెండు నెలలుగా వియ్యాలవారి మధ్య మాటల్లేవు. చివరికి పెళ్లికొడుకు మేనమామ దశరథం పల్సానా నుంచి కబురు పెట్టాడు. ఆదివారం నాలుగింటికి అందరం వస్తాం, వీడియో చూస్తాం, ఎవరిది తప్పో అదే చెబుతుందని. అందుకే రాజనర్సు క్యాసెట్ ఇస్తూ, "మూడున్నరకు నా చేతుల ఉండాలె బిడ్డా. నా ఇజ్జత్ అండ్లున్నది," అని మరీ చెప్పాడు.

తొమ్మిదింటికి పది నిమిషాల ముందు సుమన స్నేహితురాలు పరుగున వచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌లో ప్రాక్టికల్ పరీక్ష ఈ రోజే పెట్టారట. సుమన చెప్పుల్లో కాళ్లు దూరుస్తూనే క్యాసెట్ తండ్రి చేతిలో పెట్టింది.

"నువ్వు పో బాపూ. మూడు తాన్ల గిదే ఏసి సూపియ్యుమను. నేను రెండింటికొస్త. పైలం, ఒక్కటే ఉన్నది!"

సోమలింగం క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని చిన్న కిటికీలోంచి నల్లని పట్టీ మెరుస్తూ కనబడింది. అది పడుగు లాగే ఉంది. మూడు సాంచాలను పోల్చాలంటే ఎలా పోల్చాలో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే పడుగును ఒక సాంచా మీంచి ఇంకో సాంచా మీదికి మార్చుకుంటూ పోవడం కొత్తవాళ్లు చేసే పని. పొద్దుటి తేమకు దారం ఒక తీరుగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు ఇంకో తీరుగా ఉంటుంది. అప్పుడు పరీక్ష సాంచాకా, ఎండకా? తెలిసిన మేస్త్రీ పడుగును సమానంగా మూడు ముక్కలు కోసి, మూడింటి మీదా ఒకేసారి ఎక్కిస్తాడు.

చిన్న స్క్రూడ్రైవర్ తీసి క్యాసెట్ ఐదు మరలూ విప్పాడు. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న పాత రాట్నం ముందర కూర్చుని, మూడు ఖాళీ జరీ రీళ్లు తీసుకుని, చుట్లు లెక్కపెట్టుకుంటూ పట్టీని మడత పడకుండా చుట్టాడు. రెండుచోట్ల కత్తెర పెట్టాడు. ఒక్కో రీలు మీద ఒకటి, రెండు, మూడు అని సుద్దతో వేశాడు. మూడింటి మధ్యా జానెడు తేడా లేదు. ఇంత నికరమైన పని చూడటానికి పక్కన ఎవరూ లేకపోయారే, తల్లి కూడా మిద్దె మీద వడియాల దగ్గర ఉందే అని అతనికి కొంచెం బాధ కూడా కలిగింది. రీళ్లను, ఖాళీ క్యాసెట్ డబ్బాను సంచిలో వేసి, కాళ్లు కడుక్కుని వచ్చి, సంచి భుజాన తగిలించుకుని బయలుదేరాడు.

రింగ్ రోడ్డు దుకాణం చల్లగా ఉంది. ఆపిల్ తెర మీద గులాబీ పువ్వు నిజం పువ్వు కంటే ఎర్రగా ఉంది. సోమలింగానికి అది తెగ నచ్చింది. టై కట్టుకున్న కుర్రవాడు ధర చెప్పాడు. నచ్చడం ఆగిపోయింది.

"లక్షా నలభై వేలా? గింతకు నాలుగు సాంచాలొస్తయి గదా భయ్యా!" అని, అయినా వచ్చాడు కాబట్టి ఒకటో నెంబరు రీలు తీసి బల్ల మీద పెట్టాడు. "జర దీన్ని ఎక్కియ్యి, సూద్దాం."

కుర్రవాడు జరీ రీలును చూసి చిరునవ్వు మార్చకుండానే తలుపు చూపించాడు. "కాకా, జరీ బజార్ పీఛే హై," అన్నాడు, జరీ బజారు వెనకాల ఉందని.

ఉధ్నాలో కేబుల్ అతను కొంచెం మర్యాదస్తుడు. అమీగాను టీవీకి తగిలించి, గుర్రం పరిగెత్తుతున్నట్టు, అక్షరాలు గిరగిర తిరుగుతున్నట్టు చూపించాడు. సోమలింగం ముచ్చటపడి, సాంచాలు కొనేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న అడిగాడు.

"పార్టు పోతే ఏడ దొరుకుతది?"

కేబుల్ అతను నిజాయితీగా నేల చూపులు చూశాడు. కంపెనీ ఎప్పుడో మూతబడిందట. "మిలా తో మిలా," అన్నాడు, దొరికితే దొరికినట్టని. తర్వాత సోమలింగం తెరిచి చూపిన సంచిలో పట్టీ చుట్టిన రీలును చూశాడు, ఖాళీ క్యాసెట్ డబ్బాను చూశాడు.

"కాకా, కాట్ దియా? యే తో ఖతం!"

వీడియో పట్టీ అంటే ఏమిటో, దాన్ని కోస్తే ఏమవుతుందో అతను చేతులతో, ముఖంతో, కొంత హిందీతో వివరించాడు. సోమలింగం కనీసం ముక్కలన్నా జాగ్రత్తగా ఉన్నాయి కదా అని సంచి తీసి బల్ల మీద బోర్లించాడు. ఒకటో నెంబరు పడింది. మూడో నెంబరు పడింది. సంచిని దులిపితే సుద్ద రాలింది.

ఆటో ఎక్కి మళ్లీ రింగ్ రోడ్డుకు వెళ్లి, దుకాణం ముందు వంగి వెతకసాగాడు. వాచ్‌మన్ ఏం పోయిందని అడిగాడు. "జరీ రీలు," అన్నాడు సోమలింగం ఆయాసపడుతూ. ఆ మాట పూర్తి కాకముందే ఇద్దరు తోపుడుబండి వాళ్లు, ఒక చాయ్‌వాలా వంగారు. కాసేపటికి పదిహేను మంది వంగారు. అసలు సిసలు బంగారు జరీ అని ఎవరో అన్నారు, పావుకిలో అని ఇంకొకరు అన్నారు. అటుగా సైకిల్ మీద పోతున్న పర్వత్ పాటియా మనిషి ఒకడు ఆగి, సంగతి తెలుసుకుని, ఆ కబురు మోసుకుంటూ త్వరగా ఇంటిదారి పట్టాడు.

ఏమీ దొరకలేదు. రెండుంబావుకు సోమలింగం కీర్తిభాయ్ దుకాణం మెట్లెక్కేసరికి అక్కడ సుమన కూర్చుని ఉంది, తండ్రి ముందుగానే వచ్చి ఉంటాడనుకుని. అతను రెండు రీళ్లూ బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. సుమన ఒక రీలు అందుకుని పట్టీ కోసిన అంచును వేలితో తడిమింది.

"పడుగు కోసినట్టు కోసినవా బాపూ?"

"సమానంగనే కోసిన బిడ్డా."

కీర్తిభాయ్ పదిహేనేళ్లుగా తెలుగువాళ్ల మధ్య వీసీఆర్‌లు బాగుచేస్తూ వచ్చీరాని తెలుగు పట్టుకున్నాడు. అతని బల్ల మీద కంప్యూటర్ ఒకటి మూత తీసేసి ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. రీళ్లను వెలుగుకు పెట్టి చూసి అన్నాడు: "సుట్టుడు మంచిగ సుట్టినవ్ కాకా. మడత లేదు. అతుకుత. జోడ్ కాడ జర గీతలొస్తయి, గంతే. మధ్య ముక్క లేదు, నేనేం చేయాలె?"

అతను అతుకుతున్నంతసేపూ సోమలింగం మూత తీసిన కంప్యూటర్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. చూడగా చూడగా అది అతనికి తెలిసిన వస్తువులా అనిపించింది. "గీ పలక పోతే?" అని అడిగాడు. "పలక మారుస్త." "గీ ఫ్యాన్?" "ఫ్యాన్ మారుస్త. డబ్బా అదే ఉంటది. అరవై వేలల్ల ఇప్పుడు చిన్న వీడియో కార్డు ఏస్కో, పైసలైనంక పెద్దది ఏస్కో." ఇంకో రోజైతే సోమలింగం అక్కడికక్కడే బయానా ఇచ్చేవాడు.

మూడున్నరకు సందులోకి రాగానే రాజనర్సు ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "బావా, ఇన్నం. పావుకిలో బంగారు జరీ పోయిందంట గదా. దిగులు పడకు. నలుగురం ఉన్నం."

"జరీ కాదు బావా," అన్నాడు సోమలింగం. "నీ బిడ్డ పెండ్లిల భోజనాలు పోయినయి."

రాజనర్సు చెయ్యి భుజం మీంచి జారింది. "అయ్యో బావా! తప్పు మాదని మేమే దాచినమంటరు గదా! నా బిడ్డను మళ్ల పుట్టింటికి తోలరు గదా!" సుమన ముందుకొచ్చి, "మామా, కోసింది మేమేనని నేనే అందరి ముంగట చెప్త," అంది. ఆ మాట చెప్పాక తన చేత వీడియో పని ఎవరూ చేయించుకోరని ఆమెకు తెలుసు. గుమ్మంలో వింటున్న చిన్నవ్వ సాంచాలాయనకు చాయ్‌లోకి చక్కెర ఉందో లేదో చూడటానికి లోపలికి పోయింది.

నాలుగింటికి పల్సానా వాళ్లు రాజనర్సు ఇంటికి వచ్చారు. ముందు దశరథం, ఇస్త్రీ చొక్కాలో, ఎవరి ముఖమూ చూడకుండా. వెనుక తొమ్మిది మంది. ఇటువైపు సందు సందంతా కిటికీల్లో ఉంది. సుమన క్యాసెట్ వేసింది. ఎదుర్కోళ్లు వచ్చాయి, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి. దశరథం జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు తెర మీద వాన కురిసినట్టు గీతలు వచ్చాయి. గీతలు పోయేసరికి పెళ్లికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. అప్పగింతలు.

క్యాసెట్ ఆగింది.

"గంతేనా?" అన్నాడు దశరథం.

"గంతే మామా," అని సుమన లేచి నిలబడింది. "భోజనాలు లేవు. అవి మా..."

"తీసేసినవా బిడ్డా?" దశరథం కుర్చీ అంచుకు జరిగాడు. "నువ్వు తీసేసినవా?"

"కోసినం," అన్నాడు సోమలింగం మూలనుంచి, తల వంచుకుని.

దశరథం పెద్దగా ఊపిరి వదిలాడు. ఎదుటి కిటికీల్లోని వాళ్లకు కూడా అది వినబడింది. "నీ కడుపు సల్లగుండ! రెండు నెలల సంది నాకు అన్నం సయిస్తలేదు. కోపంల వీడియో సూద్దామని నోరు జారిన, ఎనుకకు తీసుకోరాలే. ఆ బకెట్ ఇసిరింది నేనే. పది మందిల మళ్ల సూడాల్నా అని గుండె కొట్టుకుంటున్నది."

రాజనర్సు లేచి అతని చేతులు పట్టుకున్నాడు. "నేను గూడ జర ఎక్కువనే అన్న బావా. తిండిపోతు అన్న."

"అన్నవు. రెండుసార్లు అన్నవు."

"రెండుసార్లు అన్న," అని ఒప్పుకున్నాడు రాజనర్సు. చాయ్ వచ్చింది. రెండు నెలల తర్వాత వియ్యంకురాళ్లిద్దరూ ఒకే పళ్లెంలోంచి మిక్చర్ తిన్నారు.

దశరథం సుమన వైపు తిరిగాడు. "ఏ కంప్యూటర్ల చేసినవు బిడ్డా గింత మంచి పని?"

సుమన తండ్రి వైపు చూసింది. సోమలింగానికి అబద్ధం అలవాటు లేదు. "కంప్యూటర్ ఇంక కొనలేదు. చేతితోనే," అన్నాడు.

"కంప్యూటర్ లేకుండనే గిట్ల చేసిందంటే, ఉంటే ఎట్ల చేస్తదో!" దశరథం అక్కడికక్కడే తన ఇద్దరు కొడుకుల పెళ్లిళ్లు సుమనకు ఒప్పజెప్పాడు. పల్సానాలో ఇంకో నాలుగు పెళ్లిళ్లున్నాయని, అన్నింట్లోనూ తీసేయాల్సింది ఏదో ఒకటి ఉంటుందని కూడా చెప్పాడు.

ఇదంతా విన్న చిన్నవ్వ కొడుకును పక్కకు పిలిచింది. "లింగం, రేపు సాంచాలాయనను రావద్దను. ఉత్త చేతితోనే ఆరు పెండ్లిళ్లు దొరికితే, గా డబ్బా తెస్తే ఎన్ని దొరుకుతయో." సోమలింగం ఆ సాయంత్రమే కీర్తిభాయ్ చేతిలో బయానా పెట్టి, వారం తర్వాత కంప్యూటర్‌ను రిక్షాలో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

రెండో నెంబరు రీలు ఏమైందో మాత్రం అతనికి ఆ ఆదివారం పొద్దుగూకేటప్పుడు, వడియాల చాప దించడానికి మిద్దె ఎక్కినప్పుడు తెలిసింది. నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి, వాటి మధ్య నల్లని పట్టీ కట్టి ఉంది. గాలికి అది తళతళ మెరుస్తూ బుర్రుమంటోంది. ఖాళీ జరీ రీలు పిట్టగోడ మీద ఉంది, పక్కనే చిన్నవ్వ వడియాలు చాటలోకి ఎత్తుతోంది.

"గిదేందే అవ్వా?"

"నీ సంచిల మూడున్నయి, ఒకటి తీసిన. నువ్వు కాళ్లు కడుక్కుంటుంటివి. పిట్టలు వడియాలను ఉండనిస్తలేవు," అంది చిన్నవ్వ.

సోమలింగం కాసేపు దాన్ని చూసి, చాప చుట్టుకుని కిందికి దిగాడు.

ఆ ఎండాకాలమంతా ఆ మిద్దె మీద ఒక్క పిట్ట కూడా దశరథం కోపానికి ఎదురు నిలవలేదు.