రంగు ఖరాబైతున్నది సేటూ

ఆర్మూర్ పట్టణ మహిళలకు తెలియజేయునది ఏమనగా, ఈ బతుకమ్మకు కళ్లు పొగరంగులో ఉండవలెను. కాటుక పాతబడింది. నిరుడు కాటుక పెట్టుకుని ఆడినవాళ్ల మీద చర్య ఏమీ ఉండదు గానీ, ఇకమీదట దాన్ని స్మోకీ ఐ అనాలి, పద్ధతిగా వేయాలి, వేసుకున్నాక ఫొటో దిగాలి. ఈ ప్రకటన ప్రభుత్వానిది కాదు. పసుపు మిల్లు నరహరి సేటుది. ఆటోకు మైకు కట్టించి మార్కెట్ యార్డు నుంచి హైవే దాకా పొద్దున, సాయంత్రం చెప్పించాడు. శిక్షణ ఉచితం. ముందుగా సొంత మిల్లు ఆడవాళ్లకు, తర్వాత ఊరికి.

సేటుకు ఆడవాళ్ల కళ్ల మీద ఇంత శ్రద్ధ ఉందని యమునకు ఆ మైకు విన్నాకే తెలిసింది. ఆమె ఆ మిల్లులోనే పసుపు పొడి ప్యాకెట్లు నింపుతుంది. గదికి ఒకటే తలుపు. ఉన్న ఒక్క కిటికీకి గోనెసంచి కొట్టించారు. గాలి వస్తే పొడి పోతుంది, పొడి పోతే సేటు సొమ్ము పోతుంది. కన్ను పోతే ఎవరి సొమ్ము పోతుందన్నది మిల్లు లెక్కలోకి రాదు కాబట్టి ఎవరూ లెక్కించలేదు. ఎండాకాలం నుంచి యమున ఎడమ కన్ను మండుతోంది, నీరు కారుతోంది, సాయంత్రమయ్యేసరికి మసక కమ్ముతోంది. షార్జా నుంచి భర్త వీడియో కాల్ చేస్తే మొహం కుడి పక్క మాత్రమే చూపిస్తుంది. నిజామాబాద్‌లో కంటి డాక్టరు మందు రాసి, ఆ దుమ్ములో కూర్చున్నంత కాలం ఏ మందూ పనిచేయదని చెప్పాడు. ఆమె వచ్చి సేటును అడిగింది.

"సేటూ, కన్ను ఖరాబైతున్నది. దుమ్ము లాగే ఫ్యాను ఒకటి జర పెట్టియ్యున్రి."

"పసుపును పట్టుకొని దుమ్ము అంటవేందమ్మా. పసుపంటే మందు. పట్నంల పైసలిచ్చి మొఖాలకు రాసుకుంటున్రు. నీకు పుణ్యానికి కండ్లల్ల వడుతుంటే, ఫ్యాను వెట్టి బయటికి తోలాల్నా?"

ఇంత వైద్యం తెలిసిన మనిషి పసుపు వ్యాపారంలో ఉండిపోవడం ఆర్మూర్ చేసుకున్న అదృష్టం. యమున వెళ్లి తన చోట కూర్చుంది. తర్వాత కూడా అడుగుతూనే ఉంది. ఆయన అదే వైద్యం చెబుతూనే ఉన్నాడు.

మరి కళ్ల మీద హఠాత్తుగా ఈ ప్రేమ ఎక్కడిది? దుబాయ్ నుంచి వచ్చింది. అక్కడి కొనుగోలుదారు పెద్ద ఆర్డర్ ఇస్తానంటూ ఒక షరతు పెట్టాడు. పనిచేసే ఆడవాళ్లను బాగా చూసుకునే మిల్లు నుంచే సరుకు తీసుకుంటాడట. పండుగలోపు ఎప్పుడైనా వీడియో కాల్‌లో మిల్లు చూస్తాడట. సేటు ముందు రెండు దారులున్నాయి. ఆడవాళ్లను బాగా చూసుకోవడం ఒకటి, బాగా చూపించడం ఒకటి. వ్యాపారి కనుక ఖర్చు తక్కువైన దారి పట్టాడు.

శిక్షణ శిబిరాన్ని సేటు భార్య, పట్టణ మహిళా వికాస వేదిక అధ్యక్షురాలు శైలజమ్మ జ్యోతి వెలిగించి ప్రారంభించింది. "స్త్రీ కన్ను తెరిస్తే కుటుంబం తెరుచుకుంటుంది, సమాజం తెరుచుకుంటుంది. ఆ కంటికి ఇన్నాళ్లూ సరైన షేడు లేకపోవడం మన జాతి దౌర్భాగ్యం," అన్నది. చప్పట్లు మోగాయి. పసుపు చేతులు కావడంతో చప్పట్లకూ దుమ్ము లేచింది. శైలజమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని మిగతా ప్రసంగం పూర్తి చేసింది.

నేర్పడానికి నిజామాబాద్ పార్లర్ నుంచి పూర్ణిమ మేడం వచ్చింది. ముందు రెప్పకు గోధుమరంగు, దాని మీద బూడిదరంగు, అంచున నలుపు. మూడింటినీ బ్రష్షుతో ఎక్కడ ఏది మొదలైందో తెలియకుండా కలిపేయాలి. పొగ కమ్మినట్టు ఉండాలి.

యమున పక్కన కూర్చునే ఖతీజా అంతా విని, "మా అమ్మీ కట్టెల పొయ్యి ఊది ఊది కండ్లు గిట్లనే చేసుకున్నది యమునక్కా," అన్నది. "ఆమెను ఎవరూ స్టేజీ ఎక్కియ్యలే."

"మీ అమ్మ బ్రష్షు వాడలే గద, అందుకే," అన్నది యమున.

పూర్ణిమ మేడం యమున గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి మురిసిపోయింది. "మీరు చాలా లక్కీ అండీ. మిగతావాళ్లకు ఈ రెడ్ టింట్ నేను తీసుకురావాలి. మీకు న్యాచురల్‌గా వచ్చేసింది."

"మా సేటు దయ మేడం."

కాల్ ఏ ఘడియలోనైనా రావచ్చు. అందుకని మర్నాటి నుంచి అందరూ కళ్లకు రంగు వేసుకున్నాకే పనిలో కూర్చోవాలని ఉత్తర్వు వచ్చింది. రంగుల డబ్బాలు కంపెనీవి, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుంటారు. మొదటిరోజే పెద్ద ఉపద్రవం జరిగింది. మధ్యాహ్నానికల్లా బూడిదరంగు మీద పసుపు పొడి కూర్చుని, చెమటకు తడిసి, ఆడవాళ్ల కళ్లన్నీ బురదపచ్చగా మారాయి. రాత్రంతా దెబ్బలు తిని పనికొచ్చినవాళ్లలా ఉన్నారు. యమున రంగు డబ్బా మూత అద్దంలో తన మొహం చూసుకుంది. చూసుకుని లేచింది. నెలల తరబడి సేటుతో తప్పు మాట మాట్లాడానని ఆమెకు అప్పుడు తట్టింది. సరాసరి ఆయన గది గడపలో నిలబడింది.

"సేటూ, రంగు ఖరాబైతున్నది."

సేటు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ఏదీ, చూపియ్యి. అరె, మస్తు ఖరాబయ్యిందిగదనే. ఎట్లయ్యింది?"

"దుమ్ము సేటూ."

ఈసారి పసుపును దుమ్మన్నందుకు ఆయనకు కోపం రాలేదు. పసుపు మందన్న సంగతి కూడా గుర్తురాలేదు. ఫోన్ తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలిచాడు. పొద్దుగూకేలోపు గోనెసంచి ఊడింది, కిటికీలో దుమ్ము లాగే ఫ్యాను వెలిసింది. అది తిరుగుతుంటే గదిలో ఎదురుగోడ కనిపించింది. ఆ గోడకు నీలం సున్నం వేసి ఉందన్న విషయం ఖతీజాకు అప్పుడే తెలిసింది. ఆ వారం యమున కన్ను మండలేదు. మందు చుక్కలు పనిచేశాయి. భర్తకు పూర్తి మొహం చూపించింది.

వారం చివర కాల్ వచ్చింది. దుబాయ్ మనిషి గది చూశాడు, ఫ్యాను చూశాడు, పొగరంగు కళ్లు చూశాడు, చాలా సంతోషమన్నాడు. సేటు యమునను దగ్గరగా నిలబెట్టి ప్యాకెట్ కోసమని ఫొటో తీయించాడు. ఆర్డర్ ఖాయమైంది. మర్నాడు పొద్దున యమున వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ఉన్నాడు.

"ఫ్యాను ఎందుకు ఇప్పుతున్రు సేటూ?"

"రంగు కోసం వెట్టిన గదమ్మా. రంగు పని అయిపాయె."

"కండ్లున్నయి గద."

"కండ్లు ఎప్పటిసంది ఉన్నయి. కొత్తగ వచ్చినయా?"

అయితే మా డబ్బులతో మేమే రంగు కొనుక్కుని వేసుకొస్తామన్నది ఖతీజా. సేటు ఓపిగ్గా న్యాయం వివరించాడు. కంపెనీ రంగును కంపెనీ కాపాడుకుంటుంది, సొంత రంగుకు కంపెనీ పూచీ లేదు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? వానొస్తే యార్డులో పసుపు బస్తాల మీద టార్పాలిన్ కప్పుతారు, బస్తా మోసినవాడి మీద కప్పరు. సొంత సరుకుకు, పరాయి ఒంటికి ఉన్న తేడా అది. ఈ తేడా తెలియని మనిషి పట్టణంలో వ్యాపారం చేయలేడు.

ఫ్యాను మాత్రం వృథా కాలేదు. సద్దుల బతుకమ్మ స్టేజీ వెనక బిగించారు. శైలజమ్మ స్మోకీ ఐ చెమటకు కారకుండా అది అర్ధరాత్రి దాకా తిరిగింది.

యమున, ఖతీజా, ఇంకొందరు చేటలు కింద పెట్టి మిల్లు గేటు ముందు కూర్చున్నారు. ఫ్యాను బిగిస్తేనే లోపలికి వస్తామన్నారు. ఆ దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. వాళ్ల సమస్య ఏమిటని కాదు, పండుగపూట కళ్లకు ఏమీ వేసుకోకుండా రోడ్డున కూర్చున్నారేమిటని. మధ్యాహ్నానికి సేటు ఇందల్వాయి నుంచి ఆటోల్లో వేరే ఆడవాళ్లను దింపించాడు. వాళ్ల కళ్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. రెండో సాయంత్రానికి గేటు ముందు యమున, ఖతీజా మిగిలారు. మూడోరోజు వాళ్లూ లోపలికి వెళ్లి కూర్చున్నారు. తినాలి కదా.

దీపావళికి ముందు యమున మళ్లీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎడమ నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసిందని, వెలుగు తెలుస్తుందే తప్ప మనిషి తెలియడని, ఇక ఆ కన్ను ఇంతేనని చెప్పాడు.

కొత్త ప్యాకెట్లు అదే వారం బజారులోకి వచ్చాయి. మీ ఇంట్లోనూ ఉంది, వంటింటి అలమరలో చూడండి. దాని మీద పొగరంగు కళ్లతో నవ్వుతున్న మనిషి యమున. ఆ ఫొటోనే మహిళా వికాస వేదిక పేజీలో పెద్దది చేసి పెట్టారు. పెద్దది చేసేసరికి, ఫొటో దిగిన రోజుకే ఎడమ కంట్లో నలుపు మధ్యన మొదలైన తెల్లటి చుక్క స్పష్టంగా కనిపించింది. వందల మంది చూశారు. ఏమైందమ్మా ఆ కంటికి అని ఒక్కరూ అడగలేదు. కంట్లో పెట్టుకున్న ఆ లెన్స్ ఏ కంపెనీది, ఆర్మూర్‌లో ఏ షాపులో దొరుకుతుందని ఒకావిడ అడిగింది. ఆ ప్రశ్నకు బోలెడు లైకులు పడ్డాయి. వాటిలో మీ లైకు ఏదో మీకు తెలుసు.