బోరుబండ్ల సుధీరుని హిమగిరి విజయము

స్వస్తిశ్రీ పరాభవ నామ సంవత్సరమున, వైశాఖ బహుళ పక్షమున, గురువారము పగలు పదకొండు గంటల వేళ, సూర్యభగవానుడు వేయి చేతులతోను మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిని పెనము మీద వలె వేయించుచుండగా, తారు కరిగి బాటసారుల చెప్పులను ఊడబెరుకుచుండగా, కర్నూలు కడప కాలువలో అడుగున బురద బయటపడి ఎనుములు సైతము నిట్టూర్చుచుండగా, పాదరసము నలువదినాలుగవ మెట్టెక్కి ఇంకను పైకే చూచుచుండగా, కడప రోడ్డు ప్రక్కనున్న ఒకానొక మేడ క్రింది అంతస్తున, ఏసీ యంత్రపు చల్లని నీడలో, లుంగీధరుడును సోఫాసింహాసనాసీనుడును సెల్‌ఫోనుఖడ్గహస్తుడునునై యొక మహావీరుడు, ఆల్ప్స్ పర్వతముల మంచు మీద జారుటకు గది వెదకుచుండెను. ఆ వీరుని కథ చెప్పెదను, చెమట తుడుచుకొని వినుడు.

అతడు బోరుబండ్ల సుధీరుడు. ఆరు బోరుబండ్లకు అధిపతి, భూగర్భభేదనచతురుడు. ఇటు కమలాపురము మొదలుకొని అటు కోసిగి దాక ఎండి బీటలువారిన నేలను వేయి అడుగుల లోతున పొడిచి, నీరున్నచోట నీటిని, లేనిచోట దుమ్మును వెలికిదీసి, రెండింటికిని ఒకటే బాడుగ పుచ్చుకొనిన సమదర్శి. అట్టివాడు మంచు జోలికేల పోయెనని అడుగుదురేమో. కడపలో అతనికొక తోడల్లుడు కలడు, పేరు శ్రీకాంత్. మొన్న జనవరిలో భార్యతో విదేశమునకు బోయి, రెండు కాళ్ళకు రెండు పలకలు కట్టుకొని, నల్ల కళ్ళద్దములు దాల్చి, మంచు మీద నిలిచి, ఆ చిత్రమును బంధువుల వాట్సాప్ గుంపులోనికి విసిరి, క్రింద ‘మహా ప్రమాదకరమైన నల్ల వాలు’ అని వ్రాసెను. సుధీరుడు ఆ చిత్రమును రెండు వ్రేళ్ళతో సాగదీసి, అదే వాలున శ్రీకాంతుని వెనుక నాలుగేండ్ల దొరబిడ్డ యొకడు చాక్లెట్టు చప్పరించుచు నిలిచియుండుటను కనిపెట్టెను. నాటినుండి అతనికి కంటిమీద కునుకు లేదు.

ఇది పైకి చెప్పుకొను కారణము. లోపలి కారణము వేరొకటి యున్నది. మంచు చూపించెదనని భార్య నాగజ్యోతికి అతడు మాట ఇచ్చి తొమ్మిదేండ్లయినది. ఆ మాట ఇంటిలో పెద్ద బీరువా వలె అట్లే నిలిచియున్నది, వచ్చుచు పోవుచు దానిని అందరును తప్పించుకొని నడుచుచున్నారు.

ఇరువదియొక్క దినములు వీరుడు యుద్ధవిద్య నభ్యసించెను. నేర్వనివారికి నీలి వాలు, నేర్చినవారికి ఎర్ర వాలు, బ్రదుకు మీద ఆశ లేనివారికి నల్ల వాలు అని తెలిసికొనెను. నూనె మిల్లు వెనుకనున్న శనక్కాయ పొట్టు గుట్ట నెక్కి, పాదముల క్రింద రెండు చెక్కలు పెట్టుకొని, మూడడుగులు జారి, పదియడుగులు దొర్లి, ముక్కులో పొట్టుతో ఇంటికి వచ్చి దానికి శిక్షణ అని పేరు పెట్టెను. చివరకు ఆస్ట్రియా దేశపు ఒక కొండపల్లెలో జనవరి రెండవ వారమునకు మిగిలిన ఏకైక గదిని నేడు పట్టెను. పట్టగానే తెర మీద ఎర్ర అక్షరములు వెలిసెను. ఈ గది మీకొరకు పది నిమిషములు మాత్రమే ఉంచబడును.

అంతలో పంచాంగపారీణ, సులోచనాలంకృత, అతని తల్లి తిరుపతమ్మ లోపలి గదినుండి వెడలి, మేఘగర్జనను మించిన కంఠముతో ఇట్లనియె.

“రేయ్ సుధీరా! ఆ వేలు తియ్యి. ఇప్పుడు వర్జ్యం నడుస్తాండాది. పన్నెండూ పది దాకా ఏ పనీ మొదులుపెట్టకూడదు. అసలే దేశంగాని దేశం, ఆపైన మంచు మీద జారే పని. వర్జ్యంలో గది మాట్లాడుకుంటే యాడ జారతావో, యాడ తేలతావో!”

“మ్మా, వాళ్ళు ఇచ్చిందే పది నిమిషాలు. పన్నెండూ పది దాకా ఈ గది యాడుంటాది? ఇంకా ఏడుమంది దీన్నే చూస్తాండారంట.”

“చూడనీలే. వాళ్ళకు వర్జ్యం లేదేమో, మనకుండాది.”

మాతృవాక్యము ఒకవైపు, గడియారము ఒకవైపు. ఏడు నిమిషముల నలువది క్షణములు మిగిలినవి. వీరుని బొటనవ్రేలు ఆకాశమున త్రిశంకువు వలె వ్రేలాడెను. అయినను నిజము దాచనేల? తల్లి మాట వినగానే అతనికి రవ్వంత హాయి కలిగినది. పోకుండుటకు సాకు దొరికినవాని హాయి అది, తొమ్మిదేండ్లుగా అతనికి బాగుగా అలవాటైనది. ఫోనును మెల్లగా బల్లపై పెట్టి, “సరేలే, ఈ తూరికి కానీ. వచ్చే ఏడు చూస్తాం” అనెను.

వంటింటి వాకిట అడుగుల చప్పుడయ్యెను. చెమటచే తడిసిన నుదుటితో, అట్లకాడాయుధముతో, పెనము మీది దోసెను దాని ఖర్మకు వదలి, నాగజ్యోతి రణరంగమునకు వచ్చి నిలిచి పలికెను.

“ఇదో, వింటాండారా? తొమ్మిదేండ్లాయ. మొదుటి ఏడు వాన రాలేదు, బోర్లకు గిరాకీ శానా ఉండాది, ఇడిసిపెట్టి రాలేనంటిరి. రెండో ఏడు వాన వచ్చె, గిరాకీ లేదు, ఇట్లాంటప్పుడు యాడికి పోతామంటిరి. ఒక ఏడు ఎలచ్చన్లు. ఒక ఏడు కరోనా, అది సరే, ఎవరి చేతిలోదీ కాదు. ఆపైన బండి రిపేరు, మా తమ్ముని పెండ్లి, మళ్ళా ఎలచ్చన్లు. ప్రతి తూరీ గది మాట్లాడేది, రద్దు చేసుకునేదానికి వీలుందా అని ముందే చూసుకునేది, పోయే నెల రాంగానే రద్దు చేసేది. నేను మంచు యాడ చూసినా? ఫ్రిజ్జులో గరిటెతో గీకి సింకులో పారేసినానే, అదే నేను చూసింది. మా చెల్లెలు ఫోను చేసి, అక్కా, పిడికిట్లో పట్టుకుంటే కరకరమంటాదే అంటే, అవునా అని విని ఊరకున్నా.”

చివరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గినది. బాణములకు వెరవని సుధీరుడు ఆ తగ్గిన గొంతునకు వెరచెను. అతనికి సిగ్గు వేసినది. వంటింటిలో దోసె మాడుచున్న వాసన వచ్చుచున్నను ఎవరును కదలలేదు. నాలుగు నిమిషములు మిగిలినవి.

నాగజ్యోతి అత్తగారివైపు తిరిగి, ఎన్నడును లేనంత వినయముగా అడిగెను.

“అత్తా, నాకు తెలీక అడుగుతాండా. పరస్థానం పెట్టుంటే వర్జ్యం అంటుకుంటాదా?”

పరస్థానమనగా తెలియనివారికి చెప్పెదను. పయనమగు దినమున మంచి గడియ కుదరనప్పుడు, ముందే ఒక మంచి గడియ చూచి, పోవువారి బట్టలమూటను పొరుగింట నుంచుదురు. మూట గడప దాటిన క్షణముననే పయనము మొదలైనట్టు లెక్క. ఆ మూటను మరల ఇంటిలోనికి తేరాదు, పోవునాడు అటునుండి అటే తీసికొని పోవలెను.

“అంటదు పాపా,” అని తిరుపతమ్మ శాస్త్రమును ఉన్నదున్నట్టు చెప్పెను. “పయనం మొదలైపాయ కదా. మద్దెలో ఎన్ని వర్జ్యాలొచ్చినా లెక్కలేదు. అయినా ఈడ పరస్థానం పెట్టిందెవురు?”

“నా చలికోటు టైలరు గాబ్రియేలన్న ఇంట్లో ఉండాది గదా. సంకలకాడ వదులుగా ఉందని ఇచ్చినా. సోమవారం పొద్దున ఆరున్నరకు.”

తిరుపతమ్మ అద్దములు సవరించుకొని, చేతిలోని పంచాంగపు పుట వెనుకకు త్రిప్పి, చూపుడువ్రేలితో వరుస వెంబడి నడచెను. “సోమవారం... తదియ... పడమటికి శూల లేదు... ఆరున్నర...” వ్రేలు ఆగెను. శత్రుదుర్గపు తలుపు తెరచుకొనినట్లు ఆ ముసలి మొగము విప్పారెను. “బంగారట్లాంటి గడియ పాపా! ఆలుమగలకు ఒక్క మూట చాలు. ఒత్తురా సుధీరా, ఏం చూస్తాండావు?”

సుధీరుడు చూచుచున్నది ఫోనును కాదు, భార్యను. గాబ్రియేలు అంగడి తెరచునది తొమ్మిది గంటలకు. సంకల వదులు సరిచేయించుటకు ఆరున్నరకు ఆయన ఇంటి తలుపు తట్టువారెవరు? ఆదివారము సాయంత్రము ఆమె పంచాంగము ముందు వేసికొని కూర్చుండగా, ఏకాదశి యెప్పుడో చూచుచున్నదని తాననుకొనెను. ఇరువదియొక్క దినములు వాలుల రంగులు వల్లించిన తాను సేనాపతి కాడనియు, అసలు దండయాత్ర సోమవారమే కదలినదనియు అతనికప్పుడు తెలిసెను.

ఇక మిగిలినది ఒక్క నిమిషము. తెర మీద రెండు చిన్న గుండ్రములు ప్రత్యక్షమయ్యెను. కుడివైపున ‘రద్దు చేసికొనవచ్చును’. ఎడమవైపున ‘రద్దు కుదరదు’. తొమ్మిదేండ్ల అలవాటు చొప్పున బొటనవ్రేలు కుడివైపునకు తానే నడచెను. నాగజ్యోతి ఆ వ్రేలినే చూచుచుండెను. బోరుబండ్లు, ఎన్నికలు, రాబోవు వానలు, రాని వానలు, అన్నియు చతురంగబలములై అతని మణికట్టును పట్టి కుడికి లాగెను. వీరుడు పండ్లు కొరికి, ఊపిరి బిగబట్టి, ఎడమకు జరిపి, నొక్కెను. మూడు క్షణములుండగా తెర పచ్చబడినది. గది మీది అని అందులో వ్రాసియుండెను.

జయజయధ్వానములు ఇంకను మొదలుకాకమునుపే వాకిట పిలుపు వినబడెను. “మ్మా, మీ కోటు అయిపాయె!” టైలరు గాబ్రియేలు, చంకలో చలికోటుతో, కుడికాలు గడప మీదికెత్తియున్నాడు.

“ఆగు గాబ్రియేలా!” అని తిరుపతమ్మ పెట్టిన కేకకు రోడ్డుమీది ఆటో సైతము ఆగినది. “కోటు గడప దాటిందంటే పయనం పాడయితాది!”

గాబ్రియేలు ఒంటికాలి మీద నిలిచి, “ఏమప్పా ఇది? కుట్టి తెస్తే కూడా తప్పేనా?” అని సుధీరుని అడిగెను.

నాగజ్యోతి అట్లకాడను భర్త చేతికిచ్చి, తానే గడప దాటి ఎండలోనికి పోయెను. నలువదినాలుగు డిగ్రీల మండుటెండలో, కడప రోడ్డున పోవువారందరును చూచుచుండగా, ఆ చలికోటును తొడిగికొని, జిప్పును గొంతుదాక లాగికొని, చేతులు రెండును పైకెత్తి సంకలు సరిచూచుకొనెను. చెమట కణతల మీదుగా కారిపోవుచుండెను.

“సరిపోయింది గాబ్రియేలన్నా,” అనెను. “జనవరి దాకా ఇది మీ ఇంట్లోనే ఉండాల. పురుగు పట్టకుండా చూడు.”

అని ఆమె నవ్వెను. చేత అట్లకాడతో గడప లోపల నిలిచిన సుధీరునకు, ఆ నవ్వు చూచి ఇన్నేండ్లును ఏమి రద్దు చేయుచు వచ్చెనో బోధపడినది. కన్నులు చెమ్మగిల్లగా, ఎండ పొడ అని చెప్పుకొనెను.

వినుడు జనులారా! వీసాకు ఇంకను దరఖాస్తు చేయలేదు, విమానపు టికెట్టు కొనలేదు, పెనము మీద దోసె బొగ్గయినది. అయినను పరాభవ నామ సంవత్సరమున, వర్జ్యము నడుచుచుండగనే, మైదుకూరు వాస్తవ్యుడైన బోరుబండ్ల సుధీరుడు తన బొటనవ్రేలిని పావంగుళము ఎడమకు జరిపెను.