ఉమ్మెత్తకాయలకు ఉప్పెక్కువైంది

నా పేరు శశికుమార్. హోసూరులో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో పని. ఇంట్లో రెండడుగుల గాజుతొట్టి ఉంది. అందులో సముద్రపు నీళ్లు, రెండు చేపలు. చేపలు నావి, తొట్టి నాది, కాబట్టి గాజుకు పట్టే పాచి కూడా నాదేనని మా ఆవిడ తనూజ తీర్పు చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుంటే నేను భుజందాకా చెయ్యి ముంచి పాచి గీకుతుండేవాణ్ణి.

ఆ చాకిరీ ఎలాగైనా వదిలించుకోవాలని పట్టుబట్టి, బెంగళూరు వెళ్లి రెండు సీ అర్చిన్లను తెచ్చాను. సముద్రంలో రాళ్లకు అంటుకుని పాచి మేసే గుండ్రటి జీవాలు. ఒళ్లంతా ముళ్లు.

తనూజ సంచిలోకి తొంగి చూసింది. "ఉమ్మెత్తకాయలా? ఎవరికి పెట్టేదానికి?"

"కాయలు కాదు, ప్రాణం ఉండాది. పాచంతా ఇవే తినేస్తాయి. ఇంక నాకు పనుండదు."

"మీకు పని లేదంటేనే నాకు భయం."

అంగడాయన చెప్పినవన్నీ పాటించాను. గాలి తగలకుండా సంచి నీళ్లలోనే ఉంచి, సన్నటి గొట్టంతో మా తొట్టి నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ రెండు గంటలు కాపలా కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో ఇంత ఓపిక చూపించలేదని తనూజ గుర్తుచేసింది.

వారంలో గాజు తళతళలాడింది. పాచి అయిపోయాక అవి షికార్లు మొదలుపెట్టాయి. ఒకటి రాళ్ల గుట్టను కూలదోసింది. రెండోది నీళ్ల వేడి చూసే థర్మామీటరును నెత్తిన పెట్టుకుని ఊరేగింది.

"జ్వరం చూసుకుంటా ఉంది," అంది తనూజ.

నేను వెనక్కి తగ్గలేదు. రాళ్లను అతికించాను. నీళ్లు వెచ్చగా ఉంచే హీటరు వైరును అవి కొరక్కుండా గొట్టం తొడిగాను. ఎండలకు నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లు పోశాను.

మూడో వారం ముళ్లు వాలిపోయాయి. ఒక ఉదయం చూస్తే తొట్టి అడుగున పది ముళ్లు రాలి ఉన్నాయి. సూపర్‌వైజర్ వెంకటరామప్పకు ఫోన్ చేసి, ఇంట్లో ఒకరికి బాగాలేదని సెలవడిగాను. ఆయనకు అనుమానమొచ్చి తనూజకు ఫోన్ చేశాడు.

"నిజమేనప్పా," అంది తనూజ. "నిన్నటినుంచి కదల్లేదు. ముళ్లన్నీ రాలిపోతా ఉండాయి."

"రెండు దినాలు తీసుకోమనమ్మా," అన్నాడాయన చిన్న గొంతుతో.

తనూజది కృష్ణగిరి దారిలో ఊరగాయల ఫ్యాక్టరీ. జాడీల్లో ఉప్పు ఎంతుందో కొలవడం ఆమె పని. కొలిచే పరికరం తెచ్చి మా తొట్టిలో ముంచింది.

"నీళ్లు తగ్గితే ఏం పోస్తా ఉండారు?"

"ఉప్పునీళ్లు. సముద్రం కదా."

"ఆవిరయ్యేది నీళ్లు. ఉప్పు యాడికి పోతుంది? ఈడనే ఉంటుంది. మీరు వీటిని సాకడం లేదు, ఊరబెడతా ఉండారు."

నేను వెంటనే మంచినీళ్ల బిందె ఎత్తాను. తనూజ నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారిగా పోస్తే ఈ పొద్దే చచ్చిపోతాయి. ఉప్పు మెల్లగా దించల్ల."

రెండు రోజులు గంటకో గ్లాసు ఉప్పునీళ్లు తీసి, అంతే ఫిల్టరు నీళ్లు పోశాం. ఆమె కొలిచింది, నేను మోశాను. మూడో రోజు ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. ఒకటి గవ్వను నెత్తికెత్తుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఆకలితో ఉంటాయి," అంది తనూజ. "గాజుమీద పాచి లేదు. పాలకూర ఉడికించి రాయికి కట్టి పెట్టల్లంట."

"నువ్వు ఉడికిస్తావా?"

"జీవాలు మీవి కదా."

అదీ పాచి తీర్పులాంటి తీర్పే. పొద్దున్నే లేచి ఆకు కడిగి ఉడికించసాగాను. నాలుగో రోజు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎట్లాగూ పొయ్యి వెలిగించినారు. రెండు కట్టలు ఎక్కువ వేసి, పక్కన పప్పు కూడా పెట్టేయండి. మన మధ్యాహ్నం క్యారియర్లకూ అయిపోతుంది."

ఇప్పుడు రోజూ నలుగురికి వండుతున్నాను. వంక పెట్టకుండా తినేది ఆ ముళ్లవాళ్లిద్దరే.